హజ్ ప్రయాణంలో చేతిఖర్చు: లెక్క వేసుకోవడం కూడా ఆరాధనే

హజ్‌కు గానీ ఉమ్రాకు గానీ బయలుదేరే ఇళ్లలో ఒక మాట తరచూ వినిపిస్తూ ఉంటుంది. "మనం అల్లాహ్ ఇంటికి అతిథులుగా వెళుతున్నాం. అక్కడ కూడా ఈ లెక్కలేమిటి? అంతా ఆయనే చూసుకుంటాడు" అంటారు. ఈ మాట వెనుక ఉన్న భక్తిని మనం తక్కువ చేయనవసరం లేదు. అయితే ఈ మాటకు దివ్య ఖుర్‌ఆన్ పద్నాలుగు శతాబ్దాల క్రితమే సమాధానమిచ్చింది. ఆ సమాధానాన్ని అర్థం చేసుకుని, దాని ప్రకారం మన సంచిని, మన ఇంటిని సర్దుకోవడం ఎలాగో ఈ పాఠంలో తెలుసుకుందాం.

యమన్ వాసుల ఉదంతం

హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) తెలిపిన ఒక విషయం సహీహ్ బుఖారీలో ఉంది. ఆ రోజుల్లో యమన్ నుండి కొందరు హజ్‌కు వచ్చేవారు. దారి బత్తెం ఏదీ వెంట తెచ్చుకునేవారు కాదు. తాము అల్లాహ్‌పై భారం వేసిన వారమని చెప్పుకునేవారు. తీరా మక్కా చేరిన తరువాత ప్రజల ముందు చేయి చాచేవారు. ఈ సందర్భంలోనే బఖరా సూరాలోని 197వ ఆయత్ అవతరించింది. ప్రయాణ సామగ్రిని వెంట తీసుకువెళ్లమని అల్లాహ్ అందులో ఆదేశించాడు. సామగ్రి అన్నిటిలోకీ శ్రేష్ఠమైనది దైవభీతి అని కూడా తెలియజేశాడు.

ఈ ఆయత్‌ను మనం ప్రసంగాల్లో ఎన్నోసార్లు విని ఉంటాం. సాధారణంగా దైవభీతి గురించిన రెండవ భాగమే మనకు గుర్తుంటుంది. కానీ మొదటి భాగం ఆహారం, డబ్బు, అవసరమైన వస్తువుల గురించినదే. ఈ రెండిటినీ అల్లాహ్ ఒకే చోట చెప్పాడు. ఎందుకంటే రెండిటికీ సంబంధం ఉంది. చేతిలో బత్తెం లేనివాడు పరుల ముందు తలవంచవలసి వస్తుంది. తోటి హాజీలకు భారమవుతాడు, ఆకలితో సహనం కోల్పోతాడు. హజ్‌లో వాదులాట తగదని అదే ఆయత్ హెచ్చరిస్తోంది. గదుల్లో, గుడారాల్లో జరిగే చిన్న చిన్న తగవులకు డబ్బు కూడా ఒక కారణమని వెళ్లివచ్చిన వారిని అడిగితే చెబుతారు.

మరి తవక్కుల్ మాటేమిటి? ఒంటెను కట్టివేసి అల్లాహ్‌పై నమ్మకం ఉంచాలా, లేక వదిలేసి నమ్మకం ఉంచాలా అని ఒక వ్యక్తి అడిగితే, ముందు కట్టివేసి ఆ తరువాత నమ్మకం ఉంచమని దైవప్రవక్త (స) బోధించారు. హిజ్రత్ ప్రయాణాన్ని చూడండి. అల్లాహ్ సహాయంపై ఆయన (స) కంటే ఎక్కువ నమ్మకం ఎవరికుంటుంది? అయినా ఆ ప్రయాణానికి భోజనపు సంచి సిద్ధమైంది. సంచి మూతి కట్టడానికి తాడు దొరకకపోతే హజ్రత్ అస్మా (రజి) తన నడికట్టు చీల్చి కట్టారు. అందుకే ఆమెకు 'జాతున్ నితాఖైన్' అన్న బిరుదు వచ్చింది. ప్రయాణ సామగ్రి సర్దడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు, అది తవక్కుల్‌కు తొలి మెట్టు.

డబ్బు గురించి రెండు ప్రశ్నలు

ప్రళయదినాన మనిషిని అతని ధనం గురించి రెండు విషయాలు అడగడం జరుగుతుందని దైవప్రవక్త (స) తెలియజేశారు. ఒకటి, ఎలా సంపాదించాడన్నది. రెండు, దేనిపై ఖర్చు చేశాడన్నది. హజ్ డబ్బు ఈ ప్రశ్నల నుండి మినహాయింపు కాదు. పైగా ఇక్కడ ప్రశ్న మరింత సున్నితమైనది.

మొదటి ప్రశ్న చూద్దాం. దూర ప్రయాణం చేసి, జుట్టు చెదిరి, దుమ్ము కొట్టుకుపోయి, చేతులెత్తి ప్రభువును మొరపెట్టుకునే ఒక వ్యక్తిని గురించి దైవప్రవక్త (స) ప్రస్తావించారు. అతని తిండి, పానీయం, దుస్తులు అన్నీ నిషిద్ధ సంపాదనవే అయినప్పుడు అతని మొర ఎలా ఆలకించబడుతుందని ప్రశ్నించారు. కనుక సంచిలో ఎన్ని రియాళ్లు ఉన్నాయని లెక్కపెట్టడానికి ముందు, అవి ఎక్కడి నుండి వచ్చాయో చూసుకోవాలి.

హజ్ విధి అయ్యేది స్తోమత ఉన్నవారికే. ఆలి ఇమ్రాన్ సూరా 97వ ఆయత్ ఈ షరతును స్పష్టంగా పేర్కొంది. స్తోమత లేనివాడు అప్పు చేసి వెళ్లాలని షరీఅత్ కోరలేదు. ఇక వడ్డీకి తెచ్చిన డబ్బుతో వెళ్లడమంటే, ఒక నిషేధాన్ని భుజాన వేసుకుని ఆరాధనకు బయలుదేరడమే. బంగారం కుదువపెట్టి వడ్డీకి తెచ్చినా, కార్డుపై వడ్డీ పడే విధంగా నగదు తీసినా పేరు మారుతుందే గానీ విషయం ఒకటే.

అలాగే పాత బాకీలు. గడువు తీరిన అప్పు ఉంటే ముందు అది తీర్చాలి. గడువు ఇంకా ఉంటే, ఇచ్చినవారితో మాట్లాడి, తీర్చే ఏర్పాటు చేసి, ఆ వివరం కాగితంపై రాసి ఇంట్లో పెట్టి వెళ్లాలి. అప్పులను రాసిపెట్టుకోమని బఖరా సూరా 282వ ఆయత్ ఎంత వివరంగా ఆదేశించిందో మనకు తెలుసు. ఇక్కడ చాలామంది మరచిపోయే బాకీ ఒకటుంది. అది భార్యకు చెల్లించవలసిన మహర్. నికాహ్ నాడు 'తరువాత ఇస్తాను' అని రాయించిన మహర్ ఇరవై ఏళ్లు గడిచినా బాకీయే. హజ్‌కు లక్షలు సమకూర్చుకున్న భర్త ఈ లెక్క కూడా చూసుకోవాలి.

ముందు ఇంటి వాటా

ప్రయాణానికి బడ్జెట్ వేసేటప్పుడు మొదటి గీత ఎక్కడ గీయాలి? మక్కాలో కాదు, మన ఇంట్లో. తన పోషణలో ఉన్నవారిని పట్టించుకోకుండా వదిలేయడం ఒక మనిషి పాపానికి చాలునని దైవప్రవక్త (స) హెచ్చరించారు. స్తోమత అంటే రాకపోకల ఖర్చు మాత్రమే కాదనీ, తిరిగివచ్చే వరకు ఆధారపడినవారి పోషణ కూడా అందులో భాగమనీ ధర్మవేత్తలు వివరించారు.

హజ్ కమిటీ ద్వారా వెళ్లేవారి ప్రయాణం మామూలుగా 40 రోజుల వరకు ఉంటుంది. కానీ ఇంటి ఖర్చు 40 రోజులకు వేస్తే చాలదు. తిరిగొచ్చిన మర్నాడే జీతం రాదు, దుకాణం వెంటనే గాడిలో పడదు. కనుక రెండు నెలలకు లెక్క వేయడం క్షేమం. అద్దె, బియ్యం, పాలు, కరెంటు బిల్లు, వృద్ధులైన తల్లిదండ్రుల మందులు, పిల్లల ఫీజులు అన్నీ రాయండి. హజ్ కాలం మన క్యాలెండర్ ప్రకారం ఏటా 10, 11 రోజులు ముందుకు జరుగుతూ ఉంటుంది. కాబట్టి మీరు వెళ్లే ఏడాది ఆ రోజుల్లో బడులు తెరిచే సమయం వస్తుందా, పొలంలో విత్తనాల సమయం వస్తుందా చూసుకోండి. తండ్రి అరఫాత్ మైదానంలో కన్నీళ్లతో దుఆ చేస్తుండగా, ఇక్కడ కొడుకు కిరాణా కొట్టు దగ్గర బాకీ మాట పడే పరిస్థితి రాకూడదు.

ఈ సందర్భంలో ఒక ఆచారం గురించి కూడా చెప్పుకోవాలి. హజ్‌కు ముందు పెద్ద పెద్ద దావత్‌లు, షామియానాలు, పూలదండలు, విమానాశ్రయం దాకా వరుసగా వాహనాలు మన ప్రాంతాల్లో మామూలైపోయాయి. బంధువులను కలిసి క్షమాపణ కోరడం, వీడ్కోలు తీసుకోవడం మంచి విషయమే. కానీ దాని కోసం నలభై రోజుల తిండి డబ్బును ఒక్క పూట బిర్యానీకి ఖర్చు చేయమని ఎవరు చెప్పారు? దైవప్రవక్త (స) ఎలాంటి ఆడంబరం లేకుండా ఒంటెపై సామాన్యమైన జీను మీద కూర్చుని హజ్ చేశారనీ, ఆయన సామాను కూడా ఆ ఒంటె మీదే ఉండేదనీ హజ్రత్ అనస్ (రజి) తెలిపారు. అలాంటి హజ్‌ను ఆదర్శంగా తీసుకున్నవారికి షామియానా లేకపోతే లోటేమీ లేదు.

మారిన ఏర్పాట్లు

ఒకప్పుడు మన పెద్దలకు కొన్ని వెసులుబాట్లు ఉండేవి. నిజాముల కాలంలో మక్కాలో ఏర్పాటైన రుబాత్‌లు హైదరాబాద్ సంస్థానం నుండి వెళ్లిన హాజీలకు ఉచిత వసతి కల్పించాయి. విమాన చార్జీలపై ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీని క్రమంగా తొలగించాలని సుప్రీంకోర్టు 2012లో ఆదేశించింది. 2018లో ఆ సబ్సిడీ పూర్తిగా ఆగిపోయింది. హజ్ కమిటీ ద్వారా వెళ్లేవారికి, కట్టిన సొమ్ములో నుండే 2,100 రియాళ్లు చేతిఖర్చుకు ఇచ్చే పద్ధతి కూడా చాలాకాలం నడిచింది. 2023 హజ్ నుండి దాన్ని తొలగించారు. ఎవరి రియాళ్లు వారే సమకూర్చుకోవాలి.

ఈ మార్పు వల్ల లాభమూ ఉంది, ప్రమాదమూ ఉంది. అవసరమైనంతే తీసుకువెళ్లవచ్చన్నది లాభం. చివరి వారంలో హడావుడిగా ఎవరో చెప్పిన మధ్యవర్తి దగ్గర ఎక్కువ ధరకు రియాళ్లు కొనడం, రసీదు లేకపోవడం, నకిలీ నోట్ల భయం, ఇవి ప్రమాదాలు. కనుక కొన్ని విషయాలు తెలిసి ఉండాలి.

సౌదీ రియాల్ విలువను 1986 నుండి డాలరుకు 3.75గా స్థిరపరిచారు. అంటే రియాల్ ధర మన దగ్గర పెరిగిందంటే రూపాయి డాలరు ముందు తగ్గిందన్నమాట. రేపు తగ్గుతుందేమోనని చివరి రోజు దాకా ఆగకుండా, వీలును బట్టి రెండు మూడు విడతల్లో తీసుకోవడం మేలు. బ్యాంకులో గానీ, రిజర్వ్ బ్యాంకు అనుమతి ఉన్న మారకపు సంస్థలో గానీ రసీదుతో తీసుకోవాలి. 50,000 రూపాయలకు మించిన విదేశీ ద్రవ్యాన్ని నగదు ఇచ్చి కొనడానికి వీలులేదు. చెక్కు ద్వారా, లేదా బ్యాంకు ఖాతా నుండి చెల్లించాలి. విదేశీ నోట్లను ఒక ప్రయాణంలో 3,000 డాలర్ల విలువకు మించి నగదుగా తీసుకెళ్లరాదన్న సాధారణ నిబంధన నుండి హజ్, ఉమ్రా యాత్రికులకు మినహాయింపు ఉంది. భారతీయ రూపాయలు మాత్రం మనిషికి 25,000 వరకే వెంట తీసుకెళ్లవచ్చు. సౌదీలో దిగేటప్పుడు 60,000 రియాళ్లు గానీ, అంతకు మించి గానీ ఉంటే అక్కడి కస్టమ్స్ వారికి తెలియజేయాలి. సామాన్య హాజీకి అంత అవసరం రాదు. అయినా కుటుంబం మొత్తం డబ్బును ఒక్కరి సంచిలోనే పెట్టడం ఏ విధంగానూ మంచిది కాదు.

ఆరాధనకు సంబంధించిన ఖర్చులు

చేతిఖర్చులో మొదట పక్కన పెట్టవలసినది ఆరాధనలో భాగమైన ఖర్చు. మన దేశం నుండి వెళ్లేవారిలో అత్యధికులు తమత్తు హజ్ చేస్తారు. వీరిపై ఖుర్బానీ విధి అవుతుంది. ఇందుకోసం 1983లో ప్రారంభమైన 'అదాహి' పథకం కూపన్ల ద్వారా ఏర్పాటు ఉంది. మీరు కట్టిన సొమ్ములో ఖుర్బానీ ఉందో లేదో బయలుదేరక ముందే అడిగి తెలుసుకోండి. లేకపోతే ఆ మొత్తాన్ని విడిగా మూటకట్టి, దానిపై 'ఖుర్బానీ' అని రాయండి. ఆ మూట తిండికి గానీ, కానుకలకు గానీ విప్పకూడదు. దారిలో కలిసిన అపరిచితుడు తక్కువ ధరకు చేయిస్తానంటే నమ్మి డబ్బు చేతిలో పెట్టకూడదు. పోయేది డబ్బు మాత్రమే కాదు, ఆ ఖుర్బానీ జరిగిందో లేదో తెలియకుండా పోతుంది.

ఇక్కడ అల్లాహ్ కారుణ్యాన్ని గమనించండి. ఖుర్బానీకి స్తోమత లేనివారు హజ్ దినాల్లో మూడు, ఇంటికి తిరిగి వచ్చాక ఏడు, మొత్తం పది ఉపవాసాలు పాటించాలని బఖరా సూరా 196వ ఆయత్ దారి చూపింది. అప్పు చేయమనలేదు, అడుక్కోమనలేదు. అనారోగ్యం వల్ల ఇహ్రామ్‌లో ఉండగానే తల గొరిగించుకోవలసి వచ్చిన హజ్రత్ కఅబ్ బిన్ ఉజ్రా (రజి)కి కూడా దైవప్రవక్త (స) మూడు మార్గాలు చూపారు. మూడు ఉపవాసాలు, లేదా ఆరుగురు పేదలకు భోజనం, లేదా ఒక గొర్రె ఖుర్బానీ. డబ్బు తక్కువైనవాడి ఆరాధన వెలితిగా మిగిలిపోకుండా షరీఅత్ ముందే ఏర్పాటు చేసింది. కనుక చేతిలో తక్కువ ఉన్నవారు కుంగిపోనవసరం లేదు. ఉన్నదాన్ని దాచి లేదనడం మాత్రం తగదు.

మూడు వందల మంది, రెండు సంచుల ఖర్జూరం

ఉన్న కొద్దిపాటి సామగ్రిని ఎలా పంచుకోవాలో తెలిపే గొప్ప ఉదాహరణ సహాబాల జీవితంలో ఉంది. హజ్రత్ జాబిర్ (రజి) ఈ సంఘటనను తెలిపారు. దైవప్రవక్త (స) 300 మంది సహచరులను హజ్రత్ అబూ ఉబైదా (రజి) నాయకత్వంలో సముద్ర తీరం వైపుకు పంపారు. దారిలో బత్తెం తరిగిపోసాగింది. అప్పుడు నాయకుడు ఏం చేశారు? అందరి దగ్గర మిగిలి ఉన్నదాన్ని ఒకచోటికి తెప్పించారు. కూడినది రెండు సంచుల ఖర్జూరం మాత్రమే. దానిలో నుండి రోజూ కొద్ది కొద్దిగా పంచారు. చివరికి మనిషికి రోజుకు ఒక్క ఖర్జూరం దాకా వచ్చింది. ఒక్క ఖర్జూరంతో ఏమవుతుందని వినేవారు అడిగితే, అది కూడా లేకుండా పోయినప్పుడు దాని విలువ తెలిసిందని జాబిర్ (రజి) చెప్పారు. ఆ తరువాత అల్లాహ్ వారికి సముద్రం నుండి ఒక పెద్ద చేపను ప్రసాదించాడు. వారు దాన్ని ఎన్నో రోజులు తిన్నారు.

ఇందులో మనకు మూడు పాఠాలున్నాయి. మొదటిది, బత్తెం పూర్తిగా అయిపోక ముందే లెక్క చూశారు. రెండవది, రోజువారీ వాటా నిర్ణయించుకుని దానికి కట్టుబడ్డారు. మూడవది, అల్లాహ్ సహాయం వచ్చింది. కానీ వారు చేయవలసినదంతా చేసిన తరువాత వచ్చింది.

ఒక కుటుంబపు లెక్క

ఇప్పుడు దీన్ని మన ప్రయాణానికి అన్వయించి చూద్దాం. భార్యాభర్తలిద్దరు 40 రోజుల ప్రయాణానికి 4,000 రియాళ్లు చేతిఖర్చుగా సమకూర్చుకున్నారనుకుందాం. వసతి, విమానం, ఖుర్బానీ సొమ్ము ముందే కట్టేశారు. ఈ మొత్తాన్ని ఇలా విభజించుకోవచ్చు.

మొదట 1,000 రియాళ్లు ఆపద్ధనంగా పక్కన పెట్టాలి. జబ్బు చేసినా, సామాను పోయినా, పొరపాటున దమ్ ఇవ్వవలసి వచ్చినా ఇదే ఆధారం. ఆపద రాకపోతే ఇది అలాగే ఇంటికి తిరిగి రావాలి. తరువాత తిండికి రోజుకు ఇద్దరికీ కలిపి 50 రియాళ్ల చొప్పున 2,000 రియాళ్లు. స్థానిక ప్రయాణం, ఫోను, మందులు, క్షౌరం వంటి వాటికి 300. దానధర్మాలకు 200. మిగిలిన 500 కానుకలకు. ఈ అంకెలు ఉదాహరణ కోసమే. ధరలు ఏటేటా మారుతుంటాయి. నిరుడు వెళ్లివచ్చిన ఇద్దరు ముగ్గురిని అడిగి, మీ అంకెలు మీరు వేసుకోండి. మినా, అరఫాత్ రోజుల్లో భోజనం మీ ప్యాకేజీలో ఉందా, గదుల్లో వంటకు అనుమతి ఉందా అన్న రెండు విషయాలు ముందే తెలుసుకుంటే తిండి లెక్క చాలావరకు తేలిపోతుంది.

తిండి డబ్బు 2,000 రియాళ్లను ఎనిమిది కవర్లలో 250 చొప్పున పెట్టండి. ఒక్కో కవరు ఐదు రోజులకు. మొదటి కవరు నాలుగో రోజే ఖాళీ అయితే, ఎక్కడ ఎక్కువైందో వెంటనే తెలుస్తుంది. సరిదిద్దుకోవడానికి ఇంకా ముప్పై అయిదు రోజులుంటాయి. అంతా ఒకే మూటలో ఉంటే ఆ సంగతి ఇరవయ్యో రోజున గానీ తెలియదు. అప్పటికి చేసేదేమీ ఉండదు.

కానుకల కవరును చివరి మజిలీలోనే విప్పండి. కొందరికి ప్రయాణం మదీనాతో మొదలవుతుంది, కొందరికి మదీనాతో ముగుస్తుంది. ఏదైనా సరే, మొదటి వారంలోనే బజారుకు వెళ్లి జానిమాజ్‌లు, అత్తర్లు, దుప్పట్లు కొన్నవారు చివరి వారంలో ఇబ్బంది పడతారు. సామాను బరువు పెరిగితే విమానం దగ్గర మళ్లీ చెల్లించాలి. పైగా రియాళ్ల అంకెలు చిన్నవిగా కనిపించి మనసును మోసం చేస్తాయి. 'పది రియాళ్లే కదా' అనిపిస్తుంది. అది రెండు వందల రూపాయలకు పైమాటే. బజారులో ప్రతి వస్తువు ధరనూ ఒకసారి రూపాయల్లోకి మార్చి చూసుకుంటే సగం కొనుగోళ్లు అక్కడే ఆగిపోతాయి.

బంధువులు నొచ్చుకుంటారన్న భయంతో కానుకల పట్టిక పెంచుకుంటూ పోకండి. జమ్‌జమ్ నీరు, కొన్ని ఖర్జూరాలు, హరమ్‌లో వారి పేరు తలచుకుని చేసిన దుఆ, వీటికి మించిన కానుక ఏముంది? కోరేవారు కూడా ఆలోచించాలి. హాజీకి వస్తువుల జాబితా ఇవ్వడమంటే అతని ఆరాధనా సమయాన్ని బజారుకు మళ్లించడమే. డబ్బు ఇవ్వకుండా జాబితా ఇవ్వడం మరీ భారం.

అయితే లెక్క పేరుతో పిసినారితనం కూడా తగదు. ఖర్చులో దుబారా, లోభం రెండిటికీ దూరంగా మధ్యేమార్గంలో నడిచేవారిని ఫుర్ఖాన్ సూరా 67వ ఆయత్ కరుణామయుని నిజదాసుల గుణగణాల్లో పేర్కొంది. కడుపు మాడ్చుకుని జబ్బుపడి, అరఫాత్ నాటికి లేవలేని స్థితికి రావడం పొదుపు కాదు. ఆరాధనకు శక్తినిచ్చే తిండి ఆరాధనలో భాగమే.

డబ్బు భద్రత

ఇహ్రామ్‌లో ఉన్నవారు డబ్బు దాచుకోవడానికి నడుముకు బెల్టు లాంటిది కట్టుకోవచ్చని హజ్రత్ ఆయిషా (రజి) అనుమతించినట్లు ఉల్లేఖనాలున్నాయి. తవాఫ్‌కు వెళ్లేటప్పుడు ఆ పూటకు సరిపడా డబ్బే దగ్గర ఉంచుకోండి. మిగిలినది గదిలో తాళం వేసిన పెట్టెలో పెట్టండి. భార్యాభర్తలిద్దరి దగ్గరా కొంత కొంత ఉండాలి. ఆమె తప్పిపోయినా, అతను తప్పిపోయినా గది దాకా చేరే డబ్బు ఇద్దరి దగ్గరా ఉండాలి. బ్యాంకు కార్డు తీసుకువెళ్లేవారు నగదు తీసినప్పుడల్లా పడే రుసుము ఎంతో ముందే అడగాలి. పిన్ నెంబరు కార్డుతో పాటు రాసి ఉంచకూడదు.

చదువు రాని తల్లిదండ్రులను తీసుకెళ్లేవారు ఇంట్లోనే వారికి 5, 10, 50, 100, 500 రియాళ్ల నోట్లను చూపించి గుర్తుపట్టడం నేర్పించండి. ఒకటి, రెండు రియాళ్లకు నాణేలు కూడా ఉంటాయి. ఐదుకు బదులు యాభై ఇచ్చి వచ్చే అమాయకత్వాన్ని చూసి తరువాత విసుక్కోవడం కంటే ముందే ఓపికగా నేర్పడం పుణ్యకార్యం.

దారిలో ఎవరి డబ్బో పడి ఉండటం కనిపిస్తే? మక్కా పవిత్ర పరిధిలో పడి ఉన్న వస్తువును, దాని యజమాని కోసం ప్రకటించేవారు తప్ప ఇతరులు తీయరాదని దైవప్రవక్త (స) ఆదేశించారు. అక్కడి పోగొట్టుకున్న వస్తువుల కేంద్రానికి అప్పగించడమే మార్గం. అది ఏ పేద హాజీ నలభై రోజుల తిండో మనకు తెలియదు కదా!

తోటివారితో లెక్క, తోటివారికి సాయం

ముగ్గురు ప్రయాణం చేస్తే ఒకరిని నాయకునిగా ఎన్నుకోమని దైవప్రవక్త (స) ఉపదేశించారు. ఒకే గదిలో ఉండేవారు ఉమ్మడిగా తినదలిస్తే, ఒకరిని ఎన్నుకుని తలా ఇంత అని అతని దగ్గర జమచేయండి. ఏ రోజు ఎంత ఖర్చయిందో చిన్న పుస్తకంలో రాయండి. రాత అనుమానం వల్ల కాదు, అనుమానం రాకుండా ఉండడం కోసం.

యమన్‌కు చెందిన అష్అరీ తెగవారిని దైవప్రవక్త (స) ఎంతగానో మెచ్చుకున్నారు. బత్తెం తగ్గినప్పుడు వారు తమ దగ్గరున్నదంతా ఒక వస్త్రంలో పోసి సమానంగా పంచుకునేవారు. వారు తనవారనీ, తాను వారివాడిననీ ఆయన (స) అన్నారు. ఒక యమన్ బృందం చేయిచాచి మందలింపుకు గురైంది. మరో యమన్ తెగ పంచుకుని ప్రశంస పొందింది. మనం ఎవరి బాటలో నడవాలో తేల్చుకోవాలి.

ఇంత జాగ్రత్త పడినా ఒకరి డబ్బు పోవచ్చు. అది అతని తప్పు కాదు. ఊళ్లో ధనవంతుడైనా సరే, దారిలో నిస్సహాయుడైన బాటసారికి జకాత్‌లో హక్కు ఉందని తౌబా సూరా 60వ ఆయత్ తెలియజేసింది. అలాంటివారు తోటి హాజీల నుండి వడ్డీలేని అప్పు తీసుకుని, రాసి ఇచ్చి, ఇంటికి రాగానే తీర్చవచ్చు. ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. ఉండి కూడా అడగడం, అజాగ్రత్తగా ఖర్చు చేసి అడగడం, ఇదే నిందనీయం. అలవాటుగా చేయి చాచేవాడు ప్రళయదినాన ముఖంపై మాంసం లేకుండా వస్తాడని దైవప్రవక్త (స) హెచ్చరించారు. మీ సంచిలో ఆపద్ధనం ఉంటే, ఒకనాడు అది మీకు కాక పక్క మంచం మీది హాజీకి పనికిరావచ్చు. లెక్క వేసుకున్నవాడే ఇతరులకు ఇవ్వగలుగుతాడు.

ఇంటిల్లిపాదీ కూర్చుని చూసుకోవలసినవి

ప్రయాణానికి నెల ముందు ఒక సాయంత్రం ఇషా నమాజ్ తరువాత కుటుంబమంతా కూర్చుని ఈ ప్రశ్నలకు జవాబులు రాసుకోండి.

1. ఈ డబ్బులో వడ్డీ గానీ, ఇతరుల హక్కు గానీ కలిసి ఉందా?
2. తీర్చవలసిన అప్పులు, మహర్, అమానత్‌ల పట్టిక రాశామా? అది ఎవరి దగ్గర ఉంది?
3. ఇంట్లో ఉండేవారికి రెండు నెలల ఖర్చు విడిగా ఇచ్చామా?
4. ఖుర్బానీ సొమ్ము కట్టామా, లేక విడిగా మూటకట్టామా?
5. రోజువారీ తిండి వాటా ఎంత? ఆపద్ధనం ఎంత?
6. డబ్బు ఎక్కడెక్కడ ఉందో భార్యాభర్తలిద్దరికీ తెలుసా?
7. దానధర్మాలకు ఒక వాటా పెట్టామా?

ఈ ఏడు ప్రశ్నలకు జవాబులు దొరికితే, మీఖాత్ దగ్గర 'లబ్బైక్' పలికే వేళకు మనసు డబ్బు చింత నుండి విముక్తమై ఉంటుంది. లెక్క వేసుకోవడం వల్ల కలిగే అసలు లాభం ఇదే. ముందుగా ఆలోచించినవాడు అక్కడ డబ్బు గురించి ఆలోచించనవసరం లేదు. ముందు ఆలోచించనివాడు కాబా ఎదుట నిలబడి కూడా జేబునే తడుముకుంటూ ఉంటాడు.

అల్లాహ్ మనకు హలాల్ సంపాదనను, దానిలో బర్కత్‌ను, ఖర్చులో మధ్యేమార్గాన్ని ప్రసాదించుగాక! తన గృహ సందర్శనానికి తపిస్తున్న ప్రతి విశ్వాసికీ, ఎవరి ముందూ చేయి చాచే అవసరం లేని స్తోమతను అనుగ్రహించుగాక! వెళ్లినవారి హజ్‌ను స్వీకరించి, వారు విడిచి వెళ్లిన ఇళ్లను తన రక్షణలో ఉంచుగాక! ఆమీన్.